ఆషాఢంలో వచ్చిన పర్మిట్

'మెల్‌బోర్న్‌లో మేము చదువుకునే రోజుల్లో' అని మొదలుపెట్టి కొట్టేశాను. చదువుకున్నది మా ఆయన. నేను అయిదో తరగతితో ఆపేసినదాన్ని. కానీ ఆ మూడేళ్లూ నేను కూడా ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉన్నాను కదా అనిపించి ఆ మాట మళ్లీ రాశాను. ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. ముందుదేదో వెనకదేదో తేల్చుకోలేక, ఆ ఆదివారం దగ్గర మొదలుపెడుతున్నాను.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. బావ అనే పిలుస్తాను. మాది కడప జిల్లాలో ముగ్గురాయి గనుల పక్కన ఊరు. ముగ్గురాయి చూడ్డానికి తెల్లగా, ఒక్కోసారి బూడిద రంగుగా ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే మామూలు రాయికంటే రెట్టింపు బరువు. దాన్ని పిండి కొట్టి ముగ్గులు వేసేవాళ్లు కాబట్టి ఆ పేరు వచ్చింది. అసలు పిండి అంతా ఓడలెక్కి దూర దేశాల పెట్రోలు బావుల్లోకి పోతుంది. బావి తవ్వేటప్పుడు లోపలి గ్యాసు ఎగదన్నకుండా ఈ పిండి కలిపిన బురద పోసి అణిచిపెడతారట. ఇదంతా బావ చెబితేనే తెలిసింది. ఊళ్లో ఉన్నప్పుడు నాకు తెలిసిందల్లా లారీలు పోతాయి, దుమ్ము మిగులుతుంది, అంతే.

బావ చదువు కూడా ఆ దుమ్ము గురించే. నేలలో అంత సొత్తు ఉండి కూడా పేద దేశాలు పేదగానే ఎందుకు ఉంటాయి, ఆ సొత్తును ఎలా ఖర్చుపెడితే జనం బాగుపడతారు అన్నది ఆయన థీసిస్. దాంట్లో ఒక అధ్యాయం మా ఊరే. గని పెద్దదయ్యి పొలాలు పోయినప్పుడు, పొలం పోయిన ప్రతి ఇంటికీ కొంత రాయి వాటాగా ఇచ్చారు. రాయి ఇంటికి రాదు, కాగితం వస్తుంది. ఆ కాగితం చూపిస్తే గని గేటు దగ్గర అంత రాయిని లారీకి ఎత్తుతారు. ఆ కాగితాన్ని మేము పర్మిట్ అంటాం. బావ ఆరు వారాలు ఊరికి పోయి ఇంటింటికీ తిరిగి, ఆ పర్మిట్‌తో ఏం చేశారని అడిగి రాసుకొచ్చాడు.

ఆదివారం పొద్దున మెల్‌బోర్న్ శివార్లలోని టార్నీట్‌లో మేము అద్దెకున్న ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. నేను తెలుగులో ఉన్న జవాబులు చదువుతున్నాను, బావ ల్యాప్‌టాప్‌లో కొడుతున్నాడు. నా చదువు ఆయనకు అక్కరకొచ్చిన పని అదొక్కటే. అందుకని గొంతు సవరించుకుని మరీ చదివేదాన్ని.

"పర్మిట్ వచ్చిందా? వచ్చింది. ఏం చేసినారు? అమ్ముకున్నాం. ఎప్పుడు? శ్రావణం ముందర."

"ఎప్పుడనేది అక్కర్లే మే. దానికి కాలమ్ పెట్టలే. దుడ్లేం చేసినారో చెప్పు."

"అయిపోయినాయి అంట."

"ఖర్చు," అని మీట నొక్కాడు.

ఇంకో కాగితం, ఇంకో కాగితం. ఎవరి పేర్లూ ఉండవు, ఇంటి నంబర్లే. ఒక కాగితం దగ్గర నా నోరు ఆగిపోయింది. అది మా ఇంటి నంబరు.

"ఏంది, నిద్రొస్తాందా?"

"మా ఇల్లు."

"తెలుసు. మీ నాయన్ను సార్ మాదిరి అడగాలంటే నాకే నవ్వొచ్చింది. చదువు."

"అమ్ముకున్నాం. ఎవరికి అమ్మినారు? గుర్తులేదు. దుడ్లేం చేసినారు? తినేసినాం."

బావ నవ్వుతూనే 'ఖర్చు' అని కొట్టాడు. నేను తర్వాతి కాగితం తీసుకున్నాను. కానీ అక్షరాలు కనబడుతున్నా నోట్లోకి రావడం లేదు. మా నాయనకు గుర్తులేకపోవడం అనేది ఉండదు. ఎవరి పెండ్లిలో ఎవరు ఏ కూరకు అలిగి లేచిపోయిందీ ఇప్పటికీ చెబుతాడు. పర్మిట్ ఎవరికి అమ్మిందీ ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. ఎదురుగా కూర్చుని అడుగుతున్న అల్లుడి ముందర చెప్పలేక గుర్తులేదన్నాడు.

ఆ వారం నేను ఇంట్లో కుదురుగా కూర్చోలేదు. పొయ్యి మీద గిన్నె పెట్టి వీధిలోకి వచ్చేదాన్ని, వెనక్కి పరిగెత్తేదాన్ని. టార్నీట్‌లో గాలి ఎప్పుడూ ఊరుకోదు. కొత్త ఇళ్లు, ఇంకా గడ్డి పుట్టని ముందరి జాగాలు, గడ్డి బదులు పరిచిన తెల్ల రాళ్లు. చిన్నప్పుడు ముగ్గురాయి పిండి కొట్టే మిల్లు దగ్గర రాయి ఏరిన చేతులు కదా, తెల్ల రాయి కనబడితే ఎత్తి బరువు చూడకుండా ఉండలేను. ఒక ఇంటి ముందు అలా ఎత్తి చూసి, తేలిగ్గా ఉందని మళ్లీ పెట్టేస్తుంటే, కిటికీలోంచి ఒకావిడ చూస్తోంది. ఏం చెప్పాలో తెలియక చెయ్యి ఊపి వచ్చేశాను.

జరిగింది చెబుతాను. మాకు పర్మిట్ వచ్చినప్పుడు నాకు పదకొండేళ్లు. అప్పుడే అయిదు పాసయ్యాను. మా ఇంట్లో అక్షరం వచ్చింది నా ఒక్కదానికే. నాయన కాగితాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ముందు వైపు తెలుగులో ఉంది. నాయన పేరు, ఇంటి నంబరు, ఎంత రాయి. అది గట్టిగా చదివాను. అమ్మ వాకిట్లో నిలబడి విన్నది. పక్కింటివాళ్లు కూడా విన్నారు.

"వెనకపక్క ఏముంది మా?" అని నాయన అడిగాడు.

వెనక వైపంతా ఇంగ్లీషు. నాకు ఏబీసీడీలు వచ్చు, అంతకుమించి రాదు. రాదని చెబితే అప్పటిదాకా చదివింది కూడా తక్కువైపోతుందని నాకు అనిపించింది. "ఏం లేదు నాయనా, ఉత్త ముద్రలు," అన్నాను.

నాయన కాగితాన్ని దేవుని పటం వెనక పెట్టాడు. అది ఆషాఢం మొదలైన రోజులు. మా ఇళ్లల్లో ఆషాఢంలో కొత్త పని ఏదీ ముట్టరు. "శ్రావణం రానీ. మంచి దినం చూసి మిల్లోనితో మాట్లాడదాం," అన్నాడు నాయన. అమ్మ కూడా అదే మాట అంది. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ కాగితం అంచుకు ఇంత కుంకుమ పెట్టేది.

వెనక వైపు ఏముందో ముప్పై రోజులు కాబోతుండగా తెలిసింది. ముప్పై రోజుల్లోగా రాయి ఎత్తుకోవాలి, సొంత మిల్లు ఉండాలి, లేదంటే మిల్లుతో ఒప్పందం కాగితం ఉండాలి. దాటితే పర్మిట్ చెల్లదు. ఇది చదివి చెప్పింది మా మామ, అంటే బావ వాళ్ల నాయన. మిల్లు ఓనర్ల దగ్గర రాయి కొనిపెట్టే పని చేసేవాడు. ఒక పొద్దున ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని, కాగితం అడిగి, తిప్పి చూసి, ఇంక నాలుగు దినాలే ఉందన్నాడు. నాయన మొహం నాకు ఇప్పటికీ కనబడుతుంది. నావైపు చూడలేదు. అదే నాకు ఎక్కువ బాధ. మామ ఆ సాయంత్రమే పర్మిట్ కొనుక్కుపోయాడు. ఎంతిచ్చాడంటే, నిజంగానే తినేయడానికి సరిపోయేంత. ఆ సంవత్సరం నేను బడి మానేసి మిల్లు దగ్గర రాళ్లు ఏరడానికి పోయాను. నాయన ఆ వెనక వైపు గురించి నన్ను ఒక్క మాట అనలేదు. ఇంతవరకూ అనలేదు.

బావకు ఇదేమీ తెలియదు. అప్పటికే ఆయన్ను చదువుకు బయటి ఊరు పంపేశారు. ఇప్పుడు ఆయన పుస్తకంలో మా నాయన, ఆయనలాంటివాళ్లు, చేతికొచ్చిన సొత్తును తినేసినవాళ్లుగా పడబోతున్నారు. చెబితే ఆ అధ్యాయం నిలబడదు. బావకు స్కాలర్‌షిప్ ఇంకో ఆరు నెలలే ఉంది. చెప్పకపోతే మా నాయన ఎప్పటికీ అలాగే ఉండిపోతాడు. ఈ రెండింటి మధ్య నేను తిరిగినంత దూరం నడిచి ఉంటే మా ఊరు చేరిపోయేదాన్నేమో.

గురువారాలు లైబ్రరీలో ఊరికే ఇంగ్లీషు నేర్పించేవాళ్లు. రిటైరైన టీచరమ్మ, పదిమంది ఆడవాళ్లం. నా పక్కన సౌత్ సూడాన్ నుంచి వచ్చినావిడ కూర్చునేది. నాకంటే చాలా పొడుగు, ముగ్గురు పిల్లలు. ఇద్దరిదీ ముక్కల ఇంగ్లీషే కాబట్టి మా ఇద్దరికీ బాగా అర్థమయ్యేది. ఆ గురువారం పక్కవాళ్లకు మీ ఊరి గురించి చెప్పమన్నారు.

వాళ్ల ఊరి దగ్గర పెట్రోలు ఉందట. "మా ఇంటినుంచి బావి దగ్గర గ్యాసు మంట కనబడుతుంది," అంది. "ఆ వెలుతురే మాకు లైటు. ఇంకో లైటు లేదు."

నేను మా రాయి గురించి, అందులో మా వాటా గురించి, ఆ రాయిని పిండి కొట్టి పెట్రోలు బావుల్లో పోయడం గురించి చెప్పాను. చేతులతో, బొమ్మతో, ఎలాగో చెప్పాను. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాళ్ల అన్న పెట్రోలు బావి క్యాంపులో మోసిన బస్తాల్లో అలాంటి బూడిద పిండే ఉండేదట.

"అయితే నీ రాయి మా బావిలోకి వచ్చింది," అంది. "నీకూ లేదు, నాకూ లేదు. మీ వాటా ఎవరు తీసుకున్నారు?"

"మా అంకుల్," అన్నాను.

అంతవరకూ ఆ మాట పైకి ఎప్పుడూ అనలేదు. ఇంగ్లీషులో అన్నాను కాబట్టి అనగలిగాను. ఆ మాటలకి మనవాళ్ల మొహాలు అతుక్కుని ఉండవు.

"ఆయన ఇప్పుడు పెద్ద డబ్బున్నవాడా?"

"కాదు. ఆయన కొడుకు ఇక్కడ యూనివర్సిటీకి పోతున్నాడు."

ఆవిడ నన్ను తేరిపార చూసింది. "నీ భర్త?"

తలూపాను. ఆయన పుస్తకంలో మా నాయన ఏమని పడబోతున్నాడో కూడా చెప్పాను. ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. భుజాలు ఊగేలా నవ్వింది. "మీ నాన్న నీ భర్తకు ఫీజు కట్టాడు. నీ భర్త పెద్ద పుస్తకం రాస్తున్నాడు. మీ నాన్న అందులో చెడ్డవాడు." మళ్లీ నవ్వింది. టీచరమ్మ వచ్చి జోకు మాకూ చెప్పండి అంది. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. చెవులు మాత్రం కాలిపోయాయి.

ఆ వచ్చే ఆదివారం మధ్యాహ్నం బావ గైడ్ ఇంట్లో బార్బీ, అంటే పెరట్లో మాంసం కాల్చుకుని తినే విందు, ఉంది. గైడ్ అంటే ఆయన థీసిస్ చూసే ప్రొఫెసరమ్మ. ఒక ఆఫ్రికా దేశం గనుల ఆఫీసు నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడని, ఆయన ముందు బావ తన అధ్యాయం గురించి చెప్పాలని అన్నారు. శనివారం పొద్దున బావ వంటింట్లో నిలబడి ఆ మాటలు ప్రాక్టీసు చేస్తున్నాడు. నేను బజ్జీలకు మిరపకాయలు చీలుస్తున్నాను.

"ఏం చెప్తాండావు బావా? నాకు రొంత చెప్పు."

"ఊరోళ్లకు వాటా చేతికియ్యకూడదని. ఇస్తే అమ్ముకోని తినేస్తారు. గవుర్నమెంటే ఒక ఫండ్‌లో పెట్టి, బడికీ ఆసుపత్రికీ వాడాల. మనూరే రుజువు."

"తిన్లే," అన్నాను.

"ఏంది?"

"మా నాయన తిన్లే. అంటే, తిన్నాడు. కానీ తినడానికి మాత్రమే వచ్చింది. పర్మిట్ మీ నాయన కొన్నాడు."

బావ కాగితాలు బల్ల మీద పెట్టాడు. "ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురూ చెప్పలే. నేను ఆడనే ఉండా."

మొదట్నుంచి చెప్పాను. కుంకుమ దగ్గర్నుంచి, ఉత్త ముద్రలు అన్న మాట దగ్గర్నుంచి, మంచం మీద కూర్చున్న మామ దాకా. మిరపకాయ చేతులతో మొహం తుడుచుకుని కళ్లు మంట పెట్టించుకున్నాను కూడా. బావ మధ్యలో ఒక్కసారే మాట్లాడాడు.

"అది ఏ యేడు?"

"నేను బడి మానేసిన యేడు."

"నన్ను తిరపతి హాస్టల్లో వేసింది ఆ యేడే," అన్నాడు.

తర్వాత కోపం వచ్చింది. మూడేళ్లుగా ఒకే ఇంట్లో ఉండి, ప్రతి కాగితం చదివిపెట్టి, ఇప్పుడా చెప్పేది అన్నాడు. ఊరంతా తిరిగి అడిగినావు, నన్నొక్కదాన్ని అడగలే అన్నాను. అలా అనాలని అనుకోలేదు. పక్కనున్న ట్రుగనీనాలో ఆయన పనిచేసే గోడౌన్ షిఫ్టుకు టైమైతే, టిఫిన్ బాక్సు అక్కడే వదిలేసి పోయాడు. వచ్చి నేరుగా పడుకున్నాడు. ఆదివారం రైలెక్కే ముందు మాత్రం, "ప్రొఫెసరమ్మ నిన్ను ఏమన్నా అడిగితే నేను చెప్తా. నువ్వు గమ్మునుండు," అన్నాడు.

ప్రొఫెసరమ్మ ఇంటి వెనక పెరడులో చిన్న నిమ్మచెట్టు, ఇనుప పొయ్యి మీద మాంసం కాలుతున్న పొగ. ఆమె నా బజ్జీలు ఒకటి తిని, నీళ్లు తాగి, ఇంకొకటి తీసుకుంది. పెద్దాయన నీలం చొక్కా వేసుకుని, ప్రతి మాటా నెమ్మదిగా అనేవాడు. వాళ్ల దేశంలో కూడా గని పక్క ఊళ్లకు మా పర్మిట్ల లాంటివి ఇద్దామని ఆలోచిస్తున్నారట. ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవడానికే వచ్చానన్నాడు. బావ తన మాటలు మొదలుపెట్టాడు. గొంతు ప్రాక్టీసు చేసినప్పటిలా లేదు.

ప్రొఫెసరమ్మ నావైపు తిరిగింది. "మీరూ ఆ ఊరివారే కదా. మీ ఇంట్లో ఆ కాగితంతో ఏం చేశారు?"

నేను బావ వైపు చూశాను. బావ నేల చూపులు చూస్తున్నాడు. అప్పుడు, "చెప్పు," అన్నాడు. "తెలుగులో చెప్పు. నేను ఇంగ్లీషులో చెప్తా."

బజ్జీల పళ్లెం వైపే చూస్తూ చెప్పాను. మామ పేరు వచ్చే చోట నా గొంతు తగ్గిపోయింది. బావ ఆ మాటను వదిలేస్తాడని నాకు గట్టి నమ్మకం. వదిలేసినా తప్పు పట్టకూడదని కూడా నాకు నేను చెప్పుకున్నాను. కొడుకు కదా.

బావ మొదలుపెట్టాడు. లైబ్రరీ క్లాసు పుణ్యమా అని నాకు చాలా మటుకు అర్థమవుతోంది. ముప్పై రోజులు అన్నాడు. మిల్లు లేకపోతే చెల్లదన్నాడు. ఆషాఢంలో కొత్త పనులు ముట్టరని చెప్పడానికి రెండు మూడు సార్లు తడుముకున్నాడు. తర్వాత, "ఆ కాగితం కొన్నది మా నాన్న," అన్నాడు. పెద్దాయన సరిగ్గా వినలేదేమో, ఎవరు అన్నాడు. "మా నాన్న," అని బావ మళ్లీ అన్నాడు. "నా హైస్కూలు చదువు ఆ డబ్బుతో."

అక్కడితో ఆపేస్తాడనుకున్నాను. కానీ ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. వెనక వైపు ఇంగ్లీషులో ఉండటం వల్ల ఆ కుటుంబానికి తెలియలేదు, అన్నాడు. అంతే. ముందుకు పోయాడు. ఆ కుటుంబంలో చదవడం వచ్చిన పిల్ల ఒకతి ఉందని, ఆ పిల్ల అబద్ధం చెప్పిందని అనలేదు. నన్ను మాత్రం వదిలేశాడు.

మామూలుగా అయితే సంతోషించాలి. నాకు మాత్రం కూర్చున్న కుర్చీ కింద చీమలు పాకినట్టుంది. తన తండ్రిని నలుగురిలో పెట్టి నన్ను దాచిపెడితే, రేపు మామ మొహం నేనెలా చూడాలి.

"నో," అన్నాను. ముగ్గురూ నావైపు చూశారు. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. కాగితం నేను చదివాను. నాకు పదకొండు. వెనక ఏముంది అని నాన్న అడిగాడు. నాకు రాదు. ఏమీ లేదని చెప్పాను. నాన్న నమ్మాడు.

బావ, "మే, అది అక్కర్లే," అన్నాడు చిన్నగా.

"అక్కర," అన్నాను.

పెద్దాయన తన పళ్లెం కింద పెట్టాడు. "మా దగ్గర వెనక వైపు ఫ్రెంచిలో ఉంటుంది," అన్నాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. ఎన్ని రోజులు, ఏ నెల, మిల్లు లేనివాళ్లు ఎంతమంది అని అడిగాడు. ఒక్కొక్కటీ రాసుకున్నాడు. నాకు జాలి చూపించలేదు. దానికి నేను ఆయనకు రుణపడ్డాను.

ప్రొఫెసరమ్మ బావను అడిగింది. "మిగతా ఇళ్లవాళ్లు కూడా ఆ నెలలో ఆగిపోయారా?"

నేను తెలుగులోనే, "శ్రావణం ముందర అమ్మినామని శానామంది చెప్పినారు కదా బావా. కాలమ్ లేదన్నావు," అన్నాను. ఆయన దాన్ని కూడా ఇంగ్లీషులో చెప్పాడు, ఒక్క మాట దాచకుండా. చెవుల దాకా ఎర్రబడి చెప్పాడు.

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. చేతిలో బజ్జీ అలాగే ఉంది. "అయితే ఈ అధ్యాయం మీద నేను సంతకం పెట్టలేను," అంది. "వాళ్లు తినేశారా, లేక వాళ్లకిచ్చిందే తినడానికి తప్ప పనికిరాకుండా ఇచ్చారా, అది తేల్చు. ఫండ్ మంచిదే కావచ్చు. కానీ ఈ ఊరు దానికి రుజువు కాదు."

రైల్లో బావ కిటికీ వైపు, నేను ఇంకో వైపు కూర్చున్నాం. ఆరు నెలలు సరిపోవని ఇద్దరికీ తెలుసు. సగం దారిలో ఆయన, "నీ సంగతి నేను కావాలనే చెప్పలే," అన్నాడు. తెలుసన్నాను. "మా నాయన సంగతి చెప్పకుంటే బాగుండు అనుకున్నావా?" అని అడిగాడు. అవునో కాదో నాకు తేలలేదు. టికెట్ కార్డును వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాను.

ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా కాగితాల కట్ట తీశాడు. మళ్లీ నేను చదివాను, ఆయన కొట్టాడు. ఈసారి 'ఎప్పుడు' అని కొత్త కాలమ్ పెట్టాడు. శ్రావణం ముందర, శ్రావణం ముందర, ఆషాఢం ఆఖర్లో, శ్రావణం ముందర. కొన్ని ఇళ్లవాళ్లు వేరేగా చెప్పారు, తాగేసినామని ఒకాయన ఉన్నమాట చెప్పాడు. అవీ అలాగే కొట్టాడు. మా ఇంటి దగ్గర 'ఖర్చు' అన్నది తీసేశాడు. ఆ గడి ఖాళీగా పెట్టాడు.

"ఇంగ మా నాయనకు ఫోన్ చెయ్యాల," అన్నాడు. మాకు సాయంత్రం, ఊళ్లో అన్నాలు తిని నడుం వాల్చే వేళ. నేను లేవబోతే కూర్చోమని సైగ చేసి స్పీకర్ పెట్టాడు.

మామ తిండి, చలి, ఉద్యోగం అన్నీ అడిగాడు. బావ అన్నిటికీ ఊఁ అన్నాడు. తర్వాత అడిగాడు. "నాయనా, ఆషాఢంలో నువ్వు పర్మిట్లు కొన్నావంటనే."

అవతల మంచం కిర్రుమంది. "కోడలు చెప్పిందా?"

"ఎవురు చెప్తే ఏముంది. కొన్నావా?"

"కొన్నా. ఒకరిది కాదు. నాలుగు దినాలుంటే ఎవురైనా అంతే ఇస్తారు రా. నేను తీసుకోకపోతే ఆ కాగితాలు పొయ్యిలోకి పోయుండు. రాసేటట్టయితే అది కూడా రాయి."

"రాస్తా. వెనకపక్క ఏముందో నీకు ఎప్పుడు తెలుసు?"

మామ దగ్గాడు. "మిల్లోళ్లకందరికీ తెలుసు."

"ఎప్పుడు తెలుసు నాయనా? ఆషాఢం ముందరనా?"

"ముందరే."

"మామకు అప్పుడే చెప్పుండొచ్చు కదా. నీకు సొంత బామ్మర్ది."

"నీకు హాస్టల్లో సీటొచ్చింది రా ఆ యేడు," అన్నాడు మామ. ఆ తర్వాత, "ఫోను కోడలికియ్యి," అన్నాడు.

స్పీకర్ తీసేసి చెవికి పెట్టుకున్నాను.

"మే, నువ్వు అప్పుడు చిన్నపిల్లవి. వెనకపక్క సక్కంగా చదివి చెప్పినా ఏం లాభం లేదులే. మీ నాయన మిల్లోని దగ్గరికే పోయుండు. ఒప్పందం కాగితం ఇయ్యొద్దని మిల్లోనికి మాట చెప్పి పెట్టినోణ్ణి నేనే."

నేను సరే మామా అన్నాను. అన్నం తిన్నావా అన్నాను. అత్తను అడిగానని చెప్పమన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా చెవి దగ్గరే పట్టుకుని ఉన్నాను. ఇన్నేళ్లు మోసిన తప్పు నాది కాదని తెలిస్తే ఒళ్లు తేలికవుతుందనుకున్నాను. అవలేదు. లేచి వంటింటి చివరిదాకా పోయి, మళ్లీ వచ్చి కూర్చున్నాను.

"ఏమన్నాడు?" అని బావ అడిగాడు.

ఆయన నాన్న గురించి ఆయనకే చెప్పాలి. కొంచెం తగ్గించి చెప్పడానికి మాటలు వెతికాను. దొరికాయి కూడా. కానీ ఆయన కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. మామ ఏ మాట అన్నాడో ఆ మాటే చెప్పాను.

బావ ల్యాప్‌టాప్ ముందుకు లాక్కుని, మా ఇంటి దగ్గర వదిలిన ఖాళీ గడికి పోయాడు. తర్వాత, "ఇంకోసారి చెప్పు, మెల్లగా," అన్నాడు.